నీలి తెరచాపల ఎంటర్‌ప్రైజ్ పడవ: రెండేళ్లు నడిపాక

రెండేళ్ల కిందట మార్చిలో 350 పౌండ్లు పెట్టి ఎంటర్‌ప్రైజ్ అనే రకం తెరచాప పడవ, పాతది ఒకటి కొన్నాను. 1970ల్లో చేసిన ప్లైవుడ్ పడవ. ట్రైలరు, పైన కప్పే కవరు, ఒక జత తెరచాపలు కూడా ఆ డబ్బులోనే వచ్చాయి. మేముండేది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో. ఇంటికి అరగంట దూరంలో ఒక రిజర్వాయర్ ఉంది. ఏప్రిల్ మొదలు అక్టోబర్ చివరి దాకా దాదాపు ప్రతి ఆదివారం నేనూ మా అమ్మాయీ అక్కడ పందేల్లో ఈ పడవ నడుపుతున్నాం. నాకు 46, తనకు 14. ఇక్కడి తెలుగువాళ్లలో ముగ్గురు నలుగురు ఫోన్ చేసి "ఆ పడవ ఎలా ఉందన్నా, మేమూ కొనొచ్చా" అని అడిగారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను: ఇద్దరు మనుషులు కలిసి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పడవ నేను ఎక్కలేదు. లోపాలున్నాయి, అవీ చెబుతాను.

ఈ పడవను గీసింది జాక్ హోల్ట్ అనే ఇంగ్లిష్ డిజైనర్, 1956లో. మామూలు జీతగాళ్లు కూడా గ్యారేజీలో సొంతంగా చేసుకోగలిగే పడవలు గీయడంలో ఆయనకు పెద్ద పేరు. పిల్లల కోసం కేడెట్, ఒక్కరే నడిపే సోలో, 1962లో వచ్చిన మిర్రర్, ఇవన్నీ ఆయన చెయ్యి పడ్డవే. ఎంటర్‌ప్రైజ్ వెనక న్యూస్ క్రానికల్ అనే దినపత్రిక నిలబడింది. ప్రచారం కోసం శీతాకాలంలో రెండు ఎంటర్‌ప్రైజ్‌లను రాత్రిపూట ఇంగ్లిష్ చానల్ దాటించారట. నాలుగు మీటర్ల పడవలో, ఆ చలిలో, పెద్ద పెద్ద ఓడలు తిరిగే నీళ్లలో! ఇది మొదటిసారి చదివిన రోజు నేను షెడ్డులోకి వెళ్లి మా పడవ అంచు మీద చెయ్యి వేసి కాసేపు అలా నిలబడిపోయాను. ఆ పత్రిక 1960లో మూతపడింది. ఆ పడవలతో పందేలు మాత్రం ఇప్పటికీ జరుగుతున్నాయి.

కొలతల సంగతి. పొడవు 4.04 మీటర్లు, వెడల్పు 1.62 మీటర్లు, ఖాళీ పడవ బరువు 90 కిలోల పైచిలుకు. తెరచాపలు రెండు: వెనక పెద్దది మెయిన్‌సెయిల్, ముందు చిన్నది జిబ్. రెండూ కలిపి 113 చదరపు అడుగులు. రెండూ నీలం రంగే. రిజర్వాయర్ మీద ముప్పై పడవలున్నా ఎంటర్‌ప్రైజ్ ఏదో గట్టు మీద నుంచే తెలిసిపోతుంది.

పడవ ఆకారం గురించి కాస్త ఆగి చెప్పాలి. ప్లైవుడ్ షీటు ఒక వైపుకే వంగుతుంది. కాగితాన్ని గొట్టంలా చుట్టొచ్చు కానీ గిన్నెలా మలచలేం కదా, అలాగే. అందుకని హోల్ట్ పడవను పలకలుగా గీశాడు. అడుగున కుడి ఎడమలకు చెరో పలక, దాని పక్కన వాలుగా ఇంకో పలక, దానిపైన గోడలాంటి పలక. అలా ఒక్కో వైపు రెండు మూలలు వస్తాయి. గ్యారేజీలో రంపంతో కోసి అతికించుకునేవాళ్ల కోసం చేసిన ఏర్పాటు ఇది. నీళ్ల మీదా దీనితో లాభం ఉంది. గాలి సన్నగా ఉన్నప్పుడు ఇద్దరం ముందుకు జరిగి, పడవను కాస్త పక్కకు వాల్చి కూర్చుంటాం. వెడల్పుగా ఉండే వెనక భాగం నీళ్లలోంచి పైకి లేస్తుంది. నీటికి రాసుకునే చెక్క తగ్గిపోతుంది. అప్పటిదాకా బంకలో ఇరుక్కున్నట్టున్న పడవ మెల్లగా జారడం మొదలుపెడుతుంది. అడుగున నీళ్లు చిన్నగా కిలకిలమంటాయి. ఆ చప్పుడు వినబడితే మేమిద్దరం మాటలు ఆపేస్తాం, కదలం.

పడవ సైజుకు 113 చదరపు అడుగుల తెరచాప ఎక్కువే. ఇంగ్లండ్ చెరువుల చుట్టూ చెట్లుంటాయి, గాలి తెగి తెగి వస్తుంది. ఆ కాస్త గాలినీ పట్టుకోవాలంటే గుడ్డ పెద్దదిగా ఉండాలి. సముద్రం దగ్గర లేని ఊళ్లలో ఈ పడవ ఇంతకాలం నిలబడటానికి ఇదొక పెద్ద కారణం అనుకుంటాను. గాలి పెరిగినప్పుడు ఈ గుడ్డే మనల్ని పరీక్షిస్తుంది, ఆ సంగతి తర్వాత.

మాది నరసాపురం. చిన్నప్పుడు గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లడానికి రేవులో పంటు ఎక్కేవాళ్లం. మా తాతయ్య తన కాలంలో కాలవల మీద నడిచిన సరుకు పడవల గురించి చెప్పేవాడు. గాలివాటం ఉంటే తెరచాప ఎత్తడం, ఎదురుగాలి అయితే గట్టు మీద మనుషులు భుజానికి తాడు వేసుకుని లాగడం. గాలికి ఎదురు తెరచాప పడవ వెళ్లదనే నా మనసులో ఉండిపోయింది. ఎంటర్‌ప్రైజ్ ఎక్కిన మొదటి రోజే అది తప్పని తెలిసింది. గాలికి సూటిగా ఏ పడవా వెళ్లలేదు. కానీ సుమారు 45 డిగ్రీల వాలుగా కుడికి కాసేపు, ఎడమకు కాసేపు నడిపిస్తే గాలి వచ్చే చోటుకే చేరుకుంటాం. దీని కీలకం పడవ మధ్యలో ఉండే సెంటర్‌బోర్డ్. పడవ కడుపులోంచి నీళ్లలోకి దిగే చెక్క రెక్క. గాలి పడవను పక్కకు నెట్టబోతే ఈ రెక్క నీళ్లను పట్టుకుని ఆపుతుంది, ఆ బలం ముందుకు నడకగా మారుతుంది. తాతయ్య ఉంటే ఆయనకు ముందు ఈ రెక్కనే చూపించేవాణ్ణి.

ఇప్పుడు అసలు విషయం. ఈ పడవలో లేనివేమిటో చూస్తే డిజైన్ బాగా అర్థమవుతుంది. ఒలింపిక్స్‌లో వచ్చే 470ని తీసుకోండి. 1963లో ఆండ్రే కోర్నూ అనే ఫ్రెంచ్ డిజైనర్ గీసిన పడవ, 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, పారిస్‌లో ఒక అబ్బాయి ఒక అమ్మాయి కలిసి నడిపే పోటీగా పెట్టారు. హైదరాబాద్ అమ్మాయి ప్రీతి కొంగర హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పోటీ చేసింది ఆ పడవ మీదే. మా అమ్మాయికి ఆ సంగతి చెప్పిన దగ్గర్నుంచీ 470 వీడియోలే చూస్తోంది. 470లో గాలివాటుకు ఎత్తే మూడో తెరచాప స్పినాకర్ ఉంటుంది. ఒకరు తీగకు వేలాడుతూ పూర్తిగా పడవ బయట నిలబడే ట్రపీజ్ ఉంటుంది. ఎంటర్‌ప్రైజ్‌లో రెండూ లేవు. రెండు తెరచాపలు, చుక్కాని, సెంటర్‌బోర్డ్, కాళ్లు ఇరికించుకునే పట్టీలు, కొన్ని తాళ్లు. అంతే.

తక్కువ సామాను ఉంది కాబట్టి తక్కువ పని అనుకున్నాను. ఒక్క నెలలో ఆ అభిప్రాయం పోయింది. చుక్కాని, మెయిన్‌సెయిల్ తాడు నా చేతిలో ఉంటే జిబ్ తాడు, సెంటర్‌బోర్డ్ అమ్మాయి చేతిలో ఉంటాయి. పడవను నిటారుగా ఉంచే బరువు ఇద్దరిదీ. జిబ్ అరచెయ్యంత ఎక్కువ లాగితే మెయిన్‌సెయిల్ ముందు అంచు దగ్గర గుడ్డ వణుకుతుంది, పడవ మందగిస్తుంది. తను సరిచేసేదాకా నేను ఎంత చుక్కాని తిప్పినా ఉపయోగం లేదు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు ఊరికే కూర్చునే పడవ కాదిది.

మా పడవలో భాష తెలుగే. నేను "తిప్పుతున్నా" అంటే తను "ఊఁ" అనాలి. ఊఁ అనకుండా తిప్పితే ఆ రోజంతా నాతో మాట్లాడదు. గాలి విసురు వచ్చే ముందు నీళ్ల మీద నల్లటి మచ్చలా కనబడుతుంది. దాన్ని చూడటం తన పని. "నాన్నా, మచ్చ వస్తోంది, మూడు, రెండు, ఒకటి" అంటుంది. ఒకటి అనేసరికి ఇద్దరం వెనక్కి వాలి ఉంటాం. పక్క పడవలకు ఒక్క ముక్క అర్థం కాదు, మా ఎత్తుగడ మాలోనే ఉంటుంది. "స్టార్‌బోర్డ్" అన్న కేక మాత్రం ఇంగ్లిష్‌లోనే వెయ్యాలి. కుడివైపు నుంచి గాలి తీసుకుంటున్న పడవకు దారి ఇవ్వాలన్నది నియమం, ఎదుటివాడికి ముందే వినబడాలి. మా అమ్మాయి ఇంట్లో ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడదు. నీళ్ల మీద ఆ కేక మొదటిసారి వేసిన రోజు నేనే ఉలిక్కిపడ్డాను.

ఎంటర్‌ప్రైజ్ అందం పూర్తిగా కనబడేది సన్నగాలిలో దిశ మార్చేటప్పుడు. దగ్గర నుంచి చెబుతాను. ఇద్దరం పడవ అంచు మీద కూర్చుని ఉంటాం. తిప్పే ముందు కాస్త లోపలికి వాలుతాం, పడవ గాలి పోయే వైపుకు ఒరుగుతుంది. దాంతో అదే తిరగడం మొదలుపెడుతుంది, చుక్కానిని బలవంతంగా నెట్టక్కర్లేదు. ముక్కు గాలికి ఎదురైన క్షణంలో ఇద్దరం ఒక్కసారిగా పాత అంచు వైపుకు గట్టిగా వాలుతాం. తెరచాపలను నిలబెట్టే స్తంభం, అంటే మాస్ట్, మా తలల మీదుగా ఇటు ఊగి వస్తుంది. నీళ్లు అంచును తాకుతాయి, ఒక్కోసారి వీపు తడుస్తుంది. అప్పుడు మెయిన్‌సెయిల్ కింది అంచున అడ్డంగా ఉండే బూమ్ అనే కర్ర కింద నుంచి దూరి అటువైపుకు వెళ్లి, ఇద్దరం కలిసి కూర్చుని పడవను నిలబెట్టాలి. నిలబెట్టినప్పుడు ఆ పెద్ద తెరచాప విసనకర్రలా గాలిని కొడుతుంది. పడవ ఆగకుండా ముందుకు ఒక్క తోపు తోసినట్టు వెళ్తుంది. ఇద్దరిలో ఒకరు అర సెకను ఆలస్యమైనా ఆ తోపు రాదు. మొదటి ఏడాదిలో పదింటికి రెండు కుదిరేవి. ఇప్పుడు పదికి ఏడెనిమిది.

గాలివాటున వెళ్లేటప్పుడు స్పినాకర్ లేదు కాబట్టి జిబ్‌నే రెండో వైపుకు విప్పి, అల్యూమినియం కర్ర ఒకటి పెట్టి నిలబెడతాం. కర్ర ఒక కొస జిబ్ మూలకు, రెండో కొస మాస్ట్‌కు తగిలించాలి. ఊగే పడవలో మోకాళ్ల మీద నిలబడి ఈ పని చెయ్యాలి. కుదిరాక రెండు నీలి తెరచాపలూ అటొకటి ఇటొకటి కొంగ రెక్కల్లా విచ్చుకుంటాయి. నాకు ఈ పడవలో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే.

అన్నిటికంటే భయపెట్టేదీ అదే. రెండు వైపులా గుడ్డ ఉన్నప్పుడు పడవను ఒకవైపుకు పట్టి ఉంచే బలం ఉండదు. గాలి పెరిగితే పడవ ఉయ్యాల ఊగినట్టు అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. మొదటి ఏడాది అక్టోబర్‌లో, గాలి గంటకు 25 కిలోమీటర్లు దాటిన రోజు, అలా మూడు ఊపులు ఊగి నాలుగో ఊపుకు మా మీదికే తిరగబడింది. నీళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. తల పైకెత్తగానే నేను మొదట వెతికింది అమ్మాయిని. తను అప్పటికే సెంటర్‌బోర్డ్ మీదికి ఎక్కి నిలబడి "నాన్నా, జిబ్ తాడు ఇటు విసురు" అంటోంది. పడవ లేచింది కానీ అంచుల దాకా నీళ్లతో లేచింది. కొత్త ఎంటర్‌ప్రైజ్‌లలో గాలి అరలు లోపలే కట్టి ఉంటాయి, బోల్తా పడి లేచినా నీళ్లు తక్కువే. మాలాంటి పాత పడవల్లో గాలి సంచులు కట్టి ఉంటాయి. మునగదు, కానీ నిండా నీళ్లతో తేలుతుంది. బకెట్‌తో పావుగంట తోడాం. బకెట్‌ను పడవకు తాడుతో కట్టి ఉంచండి. ఇది సలహా కాదు, తప్పనిసరి.

ఆ రోజు తర్వాత రెండు పద్ధతులు మార్చుకున్నాం. గాలి గట్టిగా ఉంటే సెంటర్‌బోర్డ్‌ను మొత్తం పైకి లాగం, మూడో వంతు నీళ్లలోనే ఉంచుతాం. సూటిగా గాలివాటున పోకుండా కాస్త పక్కకు పట్టి పోతాం. దూరం కొంచెం పెరిగినా వేగం దక్కుతుంది, టెన్షన్ తగ్గుతుంది.

ఇక మిగతా లోపాలు. బూమ్ మరీ కిందికి ఉంటుంది. పొడుగ్గా ఉండేవాళ్లు నడుము బాగా వంచాలి, నాకు నుదుటి మీద రెండుసార్లు దెబ్బ తగిలింది. పిల్లలతో వెళ్లేవాళ్లు మొదటి నెల వాళ్ల తలకు హెల్మెట్ పెట్టండి. రెండోది బరువు. నీళ్లలో ఉన్నప్పుడు తెలియదు. పందెం అయ్యాక మాస్ట్, తడిసిన తాళ్లు, అడుగున మిగిలిన నీళ్లతో కలిపి ట్రాలీ మీద గట్టెక్కించాలంటే ఇద్దరికి కష్టం. మాకు ఎవరో ఒకరు వచ్చి చెయ్యి వేస్తారు, మేమూ వాళ్లకు వేస్తాం.

మూడోది పాత చెక్క. మాకు అమ్మినాయన "చుక్క నీరు కూడా రాదు" అన్నాడు. మొదటి పందెంలోనే నా మడమలు మునిగాయి. ఇంటికి తెచ్చి బోర్లించి చూస్తే సెంటర్‌బోర్డ్ దిగే పెట్టె పడవ అడుగుకు కలిసేచోట వార్నిష్ కింద చెక్క నల్లబడి ఉంది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే బెల్లంలోకి దిగినట్టు దిగింది. పైన కొత్తగా వేసిన వార్నిష్ దాన్ని కప్పేసింది. కుళ్లిందంతా ఉలితో తీసేసి, ఎండనిచ్చి, కొత్త ముక్క అతికించి ఎపాక్సీ జిగురు పట్టించడానికి మూడు వారాంతాలు, 80 పౌండ్లు పట్టాయి. బాధ పడ్డాను, మాటకు మోసపోయినందుకు ఇంకా ఎక్కువ. కానీ ఆ మూడు వారాల్లో పడవ లోపలి కట్టడమంతా మా ఇద్దరికీ తెలిసింది. ఇప్పుడు చుక్క నీరు రాదు, ఈ మాట నేను చెబుతున్నాను.

తెరచాపల గురించి కూడా. పడవతో వచ్చిన జత బాగా సాగిపోయింది. గుడ్డ బాగా ఉబ్బే చోటు వెనక్కి జరిగిపోయి, గాలికి ఎదురు వెళ్లేటప్పుడు మిగతా ఎంటర్‌ప్రైజ్‌ల కంటే చాలా ఎక్కువగా గాలి పోయే వైపుకు కొట్టుకుపోయేవాళ్లం. తప్పు నాదే అనుకుని ఒక సీజనంతా సతమతమయ్యాను. తర్వాత క్లబ్బులో ఒకాయన దగ్గర మంచి సెకండ్ హ్యాండ్ జత 150 పౌండ్లకు దొరికింది. మొదటి పందెంలోనే తేడా కనబడింది. పాత పడవకు డబ్బు పెట్టాలంటే రంగు మీద పెట్టకండి, గుడ్డ మీద పెట్టండి.

పందేల్లో ఇది ఎంత వేగం అని అడుగుతారు. ఇక్కడి క్లబ్బుల్లో రకరకాల పడవలు కలిసి పోటీ పడతాయి కాబట్టి ప్రతి రకానికీ పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అనే అంకె ఒకటి ఉంటుంది. పట్టిన సమయాన్ని వెయ్యితో హెచ్చవేసి ఆ అంకెతో భాగిస్తారు. ఎంటర్‌ప్రైజ్‌కు సుమారు 1120, ఒక్కరే నడిపే లేజర్‌కు సుమారు 1100. అంటే మేం 56 నిమిషాలకు వచ్చినా, లేజర్ 55 నిమిషాలకు వచ్చినా లెక్కలో ఇద్దరిదీ 50 నిమిషాలే. యాభై ఏళ్ల చెక్క పడవతో వచ్చి, పోయిన సెప్టెంబర్‌లో ఒక ఆదివారం 14 పడవల్లో మూడో స్థానం తెచ్చుకున్నాం. అసలు ఎంటర్‌ప్రైజ్‌ల మధ్య పోటీ అయితే ఈ లెక్కే అక్కర్లేదు. చెక్కదైనా ఫైబర్‌దైనా ఆకారం కొలతలు ఒకటే, ముందు వచ్చినవాడే ముందు.

ఎవరు కొనాలి? భార్యాభర్తలు, అన్నదమ్ములు, తల్లీ కొడుకులు, ఎవరైనా సరే ఇద్దరి బరువు కలిపి 120 నుంచి 150 కిలోల మధ్య ఉంటే హాయిగా నడపొచ్చు. మేమిద్దరం 123. గాలి పెరిగిన రోజుల్లో ఇంకో పది కిలోలు ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఒక్కరే వెళ్లాలనుకునేవాళ్లు దీని జోలికి వెళ్లకండి, సోలోనో లేజరో చూసుకోండి. ఒలింపిక్స్‌లో 470 మీద కన్నున్న పిల్లలకు ఏదో ఒక రోజు ట్రపీజ్, స్పినాకర్ ఉన్న 420 లాంటి పడవకు మారక తప్పదు. మా అమ్మాయి వచ్చే ఏడాది మారుతుందేమో. గాలి తక్కువగా ఉన్న రోజుల్లో ఇప్పటికే చుక్కాని తనే పడుతోంది, జిబ్ నేను చూసుకుంటున్నాను. నేను వెనక్కి జరిగి కూర్చుంటే "నాన్నా, ముందుకు జరుగు, వెనక మునుగుతోంది" అంటుంది. తిరిగి చూస్తే నిజంగానే మునుగుతుంటుంది.

పాతది కొనేవాళ్లు ఒక స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. సెంటర్‌బోర్డ్ పెట్టె మొదలు, మాస్ట్ నిలబడే చోటు, వెనక పలక మూలలు, ఈ మూడు చోట్లా ఆనించి చూడండి. అమ్మేవాళ్లు వద్దంటే కొనకండి. లెస్టర్ వైపు ఉండేవాళ్లు మే నెల నుంచి ఏ ఆదివారమైనా ఒక మాట చెప్పి రండి, పందెం అయ్యాక ఒక చుట్టు తిప్పి చూపిస్తాం. లైఫ్ జాకెట్లు మా దగ్గర అదనంగా ఉన్నాయి, వెట్‌సూట్ మీది మీరే తెచ్చుకోండి.